కాలేజీ స్కాలర్‌షిప్ ఉత్తరం ఎలా చదవాలి, తక్కువొచ్చినా రాకపోయినా అప్పీలు ఎలా పెట్టుకోవాలి

ప్లస్ టూ ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకే ఇంటికి ఒక కాగితమో, ఫోనుకు ఒక మెసేజో వస్తుంది: మీ అబ్బాయికి, మీ అమ్మాయికి స్కాలర్‌షిప్ మంజూరైంది అని. ఆ ఒక్క మాట మీద ఇంట్లో పెద్ద నిర్ణయాలు జరిగిపోతాయి. ఏ కాలేజీలో చేర్చాలి, హాస్టల్లో పెట్టాలా, నగలు కుదువ పెట్టాలా, బ్యాంకులో లోను అడగాలా అన్నీ దానిమీదే తేలుతాయి. అందుకే సంతకం పెట్టకముందు ఆ కాగితం నిదానంగా చదవాలి. ఇందులో రాసిన రాష్ట్ర విషయాలు తమిళనాడువి. కేంద్రం పథకాలు, అప్పీలు దారులు మాత్రం కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రల్లో ఉన్న మనవాళ్లకూ వర్తిస్తాయి.

మొదట చూడాల్సింది ఎంత ఇచ్చారని కాదు, ఎవరు ఇచ్చారని. కాలేజీ తన ఫీజులోంచి తగ్గించిందా, ప్రభుత్వం ఇస్తోందా, బ్యాంకు అప్పుగా ఇస్తోందా? ఈ మూడూ ఒకే కాగితంలో కలిపి "ఆర్థిక సహాయం" అని రాసే కాలేజీలు ఉన్నాయి. అప్పును సహాయం కింద కూడేస్తే మొత్తం ఘనంగా కనిపిస్తుంది, కానీ అది మీరు వడ్డీతో తిరిగి కట్టాల్సిన డబ్బు. కాబట్టి పెన్సిల్ తీసుకుని లోను అన్న వరుసను ముందు కొట్టేయండి. ఇచ్చింది ఎవరో తెలిస్తేనే, తేడా వచ్చినప్పుడు ఎవరి తలుపు తట్టాలో తెలుస్తుంది. కాలేజీ ఇచ్చిన రాయితీ గురించి కలెక్టరాఫీసులో అర్జీ పెట్టినా, ప్రభుత్వ స్కాలర్‌షిప్ రాలేదని ప్రిన్సిపాల్‌తో గొడవపడినా నెలలు గడిచిపోతాయి, పని జరగదు.

కాలేజీ సొంతంగా ఇచ్చే రాయితీ

ప్రైవేటు కాలేజీలు, డీమ్డ్ యూనివర్సిటీలు మార్కుల్ని బట్టి 10 శాతం, 25 శాతం, 50 శాతం అంటూ ఇస్తాయి. శాతం దేనిమీద అన్నదే అసలు ప్రశ్న. ఎక్కువగా అది ట్యూషన్ ఫీజు మీదే. ఒక లెక్క చూడండి, ఇది ఉదాహరణకు వేసినది. ట్యూషన్ 1,20,000. హాస్టల్, మెస్ 95,000. బస్సు, పరీక్ష ఫీజు, ల్యాబు, ఇతరాలు 25,000. ఏడాదికి మొత్తం 2,40,000. 25 శాతం స్కాలర్‌షిప్ అంటే 60,000 తగ్గుతుందని ఇంట్లో అనుకుంటారు. తగ్గేది ట్యూషన్‌లో నాలుగో వంతు, అంటే 30,000 మాత్రమే. మీరు కట్టేది 2,10,000. మొత్తం మీద చూస్తే ఆ స్కాలర్‌షిప్ పన్నెండున్నర శాతమే.

ఇక రెండో ఏడాది సంగతి. కాగితంలో కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది: సెమిస్టర్‌కు ఇంత సీజీపీఏ ఉండాలి, ఒక్క అరియర్ కూడా ఉండకూడదు, హాజరు ఇంత ఉండాలి అని. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు ఇంగ్లీషులో మొదటి సెమిస్టర్ కష్టంగానే ఉంటుంది. గణితంలో ఒక్క అరియర్ పడితే చాలు, రాయితీ ఆగిపోతుంది. పై లెక్కలో నాలుగేళ్లూ రాయితీ నిలిస్తే మొత్తం 8,40,000 అవుతుంది. మొదటి ఏడాదితో ఆగితే 9,30,000. ఆ 90,000 తేడా మూడో ఏడాదిలో ఎక్కడినుంచి వస్తుందో చేరకముందే ఆలోచించుకోవాలి. చదువు మధ్యలో ఆగిపోయే ప్రమాదం మొదటి ఏడాది ఫీజు దగ్గర కంటే ఇక్కడే ఎక్కువ.

కాబట్టి అడ్మిషన్ ఆఫీసును అడగాల్సినవి అడగండి, జవాబు ఈమెయిల్‌లోనో కాలేజీ ముద్ర ఉన్న కాగితం మీదో తీసుకోండి. రాయితీ ఏ ఫీజు మీద? ఎన్నేళ్లు? షరతు తప్పితే మళ్లీ మార్కులు తెచ్చుకున్నాక తిరిగి ఇస్తారా, శాశ్వతంగా పోతుందా? ఏటా ఫీజు పెరిగితే రాయితీ కూడా పెరుగుతుందా, మొదటి ఏడాది మొత్తమే నిలుస్తుందా? ప్రభుత్వ స్కాలర్‌షిప్ వస్తే కాలేజీ రాయితీ తీసేస్తారా? ఫోన్లో "అన్నీ చూసుకుంటాం సార్" అన్న మాటకు విలువ లేదు. ఆ మాట చెప్పిన మనిషి వచ్చే ఏడాదికి ఆ సీట్లో ఉండకపోవచ్చు.

ప్రభుత్వ కాలేజీల సంగతి వేరు. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు పూర్తిగా ఉండదు. మిగతావాళ్లలో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపైతే పూర్తి మినహాయింపు, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు తగ్గుతుంది. ఇది మార్కులకు ఇచ్చేది కాదు, ఆదాయ పత్రం పెడితే వచ్చేది. ఆ పత్రం సమయానికి పెట్టకపోతే పూర్తి ఫీజు చలానే వస్తుంది.

ప్రభుత్వ స్కాలర్‌షిప్పులు: మనవాళ్లు పొరబడే చోట్లు

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం "మైనారిటీ" అన్న మాటతో వస్తుంది. మన బడి భాషా మైనారిటీ బడి. కానీ కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ స్కాలర్‌షిప్పులు మత మైనారిటీలకు, అంటే ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, పార్సీ, జైన కుటుంబాల పిల్లలకు ఉద్దేశించినవి. తెలుగు మాతృభాష అయినంత మాత్రాన అందులో అర్హత రాదు. బడి ఇచ్చే భాషా మైనారిటీ పత్రం చూపి అక్కడ దరఖాస్తు పెడితే తిరస్కరిస్తారు. అది అన్యాయం కాదు, కాబట్టి దానిమీద అప్పీలు పెట్టి కాలం పోగొట్టుకోవద్దు. తెలుగు మైనారిటీ యాజమాన్యం నడిపే కాలేజీల్లో సీటు దొరకడానికి ఆ పత్రం పనికొస్తుంది. సీటు వేరు, డబ్బు వేరు.

తమిళనాడులో వృత్తి విద్యా కోర్సులకు మొదటి పట్టభద్రుల రాయితీ 2010 నుంచి ఉంది. ఇంట్లో అంతకుముందు ఎవరూ డిగ్రీ చదవకపోతే, ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా సీటు వస్తే, ట్యూషన్ ఫీజులో ఇది దొరుకుతుంది. ఆదాయ పరిమితి లేదు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాళ్లకు రాదు. "ముందే సీటు బుక్ చేసేయండి, స్కాలర్‌షిప్ ఇస్తాం" అని తొందరపెట్టే కాలేజీలో కౌన్సెలింగ్‌కు ముందే చేరిపోతే ఈ రాయితీ పోతుంది. ఆ కాలేజీ ఇచ్చేదానికీ ఇక్కడ పోగొట్టుకునేదానికీ లెక్క వేసుకోవాలి.

ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుకు కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. ఇక్కడ మనకు ప్రత్యేకంగా రెండు చిక్కులు. ఎస్సీ, ఎస్టీ జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిది. చిత్తూరులో ఉన్న మేనమామ కులపత్రం మీద ఏ పేరు ఉందో దానితో పని లేదు, మీ కులం తమిళనాడు జాబితాలో ఏ పేరుతో ఉందో ఆ పేరే పత్రంలో ఉండాలి. రెండోది, పిల్లలు కుప్పం, తిరుపతి వైపు కాలేజీలకు వెళ్లినప్పుడు వచ్చేది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ రాష్ట్ర నివాసులకే. అక్కడి కాలేజీ ఏజెంట్లు "మన తెలుగువాళ్లే కదా, వస్తుందిలే" అంటే నమ్మవద్దు. ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పును విద్యార్థి ఎక్కడ చదివినా సొంత రాష్ట్రమే ఇవ్వాలన్నది కేంద్ర పథకం నిబంధన. అంటే దరఖాస్తు తమిళనాడులోనే పెట్టాలి, చేరకముందే జిల్లా ఆదిద్రావిడ సంక్షేమ ఆఫీసులో కనుక్కోవాలి.

అమ్మాయిలకు నెలకు 1,000 రూపాయలిచ్చే పుదుమై పెణ్ పథకం, అబ్బాయిలకు తమిళ్ పుదల్వన్ మొదట ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12 వరకు చదివినవాళ్లకు వచ్చాయి. తర్వాత ఎయిడెడ్ బడులకు పెంచినప్పుడు తమిళ మాధ్యమంలో చదివినవాళ్లకు అని చేర్చారు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఏ తరగతి ఏ బడిలో, ఏ మాధ్యమంలో చదివారో రాసిన పత్రం బడి ఆఫీసులో ముందే తీసుకుని, కాలేజీ నోడల్ ఆఫీసరు చేత పరిశీలింపజేసుకుని దరఖాస్తు పెట్టండి.

ఏ కులమైనా పెట్టుకోగలిగినది కేంద్ర విద్యాశాఖ స్కాలర్‌షిప్, ఇప్పుడు పీఎం యూఎస్‌పీ పేరుతో ఉంది. ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండాలి. డిగ్రీలో మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000, ఇంజినీరింగ్ లాంటి కోర్సుల్లో నాలుగో ఏడాది నుంచి 20,000. దీనికి 80 పర్సెంటైల్ దాటాలంటారు. ఇది 80 శాతం మార్కులు కాదు. మీ బోర్డులో, మీ గ్రూపులో పాసైనవాళ్లలో పై 20 శాతం మందిలో ఉండాలన్నమాట. ఏటా తిరిగి రావాలంటే 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. వేరే స్కాలర్‌షిప్‌గానీ ఫీజు రాయితీగానీ తీసుకుంటున్నవాళ్లకు ఇది ఇవ్వరు. కాబట్టి కాలేజీ ఇచ్చే 5,000 రాయితీకి తొందరపడి సంతకం పెడితే ఈ 12,000 పోవచ్చు.

ఆగిపోయిన దరఖాస్తు

జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టిన దరఖాస్తును ముందు కాలేజీ నోడల్ ఆఫీసరు, ఆ పైన మరో స్థాయి అధికారి పరిశీలిస్తారు. డబ్బు ఆధార్‌తో జతపడిన బ్యాంకు ఖాతాలోకి నేరుగా వస్తుంది. మధ్యలో స్టేటస్‌లో కనిపించే రెండు మాటలకు తేడా తెలియాలి. "డిఫెక్టెడ్" అంటే తప్పు ఉంది, సరిచేసి మళ్లీ పంపండి అని. "రిజెక్టెడ్" అంటే ఆ ఏడాదికి తలుపు మూసినట్టే. డిఫెక్టెడ్ అన్నది చూసి పోయిందిలే అని వదిలేసేవాళ్లు చాలామంది. దిద్దుకోవడానికి గడువు కొద్ది రోజులే, ఫోనుకు మెసేజ్ రాకపోవచ్చు కూడా. దరఖాస్తు పెట్టాక వారానికొకసారైనా లాగిన్ అయి చూడండి.

మన ఇళ్లలో ఈ తప్పులకు పెద్ద మూలం పేరే. తమిళనాడు పద్ధతిలో బడి రికార్డులో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్‌గా ఉంటుంది. ఆధార్‌లో కొందరికి ఇంటిపేరు పూర్తిగా, కొందరికి తండ్రి పేరు వెనక, కొందరికి ఇనీషియల్ రెండక్షరాలు. తెలుగు పేరు తమిళంలో రాసి, అక్కడినుంచి ఇంగ్లీషులోకి మార్చినప్పుడు "భ" "ప" అయిపోతుంది, "గ" "క" అయిపోతుంది. మార్కుల మెమో, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చండి. మెమో మార్చడం కష్టం, ఆధార్‌ను మెమోకు తగ్గట్టు మార్చుకోవడం సులభం. మంజూరైనట్టు చూపించి డబ్బు రాకపోతే ఎక్కువగా బ్యాంకు సంగతే. ఖాతాలో ఆధార్ నంబరు ఇచ్చినంత మాత్రాన చాలదు, ప్రభుత్వ చెల్లింపుల కోసం సీడింగ్ చేయమని బ్యాంకులో విడిగా అడగాలి.

అప్పీలు

ముందు ఒక మాట. అప్పీలు అంటే బతిమాలడం కాదు, దెబ్బలాట కూడా కాదు. నిర్ణయం తీసుకున్నప్పుడు వాళ్ల దగ్గర లేని ఒక సంగతిని కాగితంతో సహా ముందు పెట్టడం. "మాకు చాలా కష్టంగా ఉంది" అని రెండు పేజీలు రాసిన ఉత్తరం కంటే, "గత ఏడాది ఆదాయ పత్రంలో 3,60,000 ఉంది, మార్చి నుంచి జీతం ఆగిపోయింది, కంపెనీ ఉత్తరం జతచేశాను" అన్న మూడు వరుసలే పనిచేస్తాయి.

పనికొచ్చే కారణాలు ఇవి: సంపాదించే మనిషి చనిపోవడం, ఉద్యోగం పోవడం, పెద్ద ఆస్పత్రి ఖర్చు, ఇంట్లో రెండో బిడ్డ కూడా అదే ఏడాది కాలేజీలో చేరడం, ఆదాయం తప్పుగా నమోదవడం, మరో కాలేజీ ఎక్కువ రాయితీ ఇవ్వడం. చివరిది ప్రైవేటు కాలేజీల దగ్గరే చెల్లుతుంది, అదీ సీట్లు నిండకముందు. ఆ రెండో కాలేజీ ఉత్తరం నకలు జతచేసి, మర్యాదగా అడగండి. ఆదాయం మారితే ఇ-సేవై కేంద్రంలో కొత్త ఆదాయ పత్రానికి పెట్టండి. వీఏఓ, ఆర్‌ఐ దాటి తాసిల్దారు దగ్గరకు వెళ్లాలి కాబట్టి గడువు చివరి వారం వరకు ఆగవద్దు.

ఉత్తరం ఈ తీరులో ఉంటే చాలు:

"ప్రిన్సిపాల్ గారికి నమస్కారములు. నేను మీ కాలేజీలో ఫలానా కోర్సు మొదటి సంవత్సరంలో చేరాను, దరఖాస్తు నంబరు ఇది. నాకు ట్యూషన్ ఫీజులో 25 శాతం రాయితీ ఇచ్చినందుకు కృతజ్ఞతలు. రాయితీ నిర్ణయించాక మా నాన్నగారికి ప్రమాదం జరిగి పనికి వెళ్లలేకపోతున్నారు. మా ఇంటి ఆదాయం నెలకు 30,000 నుంచి 11,000కు తగ్గింది. ఆస్పత్రి డిశ్చార్జి పత్రం, కొత్త ఆదాయ పత్రం జతచేశాను. ఏడాదికి మేము 1,50,000 వరకు కట్టగలం, దానికి మించి 60,000 తక్కువవుతోంది. రాయితీని తిరిగి పరిశీలించాలని, కుదరకపోతే ఫీజును నాలుగు వాయిదాల్లో కట్టడానికి అనుమతించాలని కోరుతున్నాను. మీ నిర్ణయం రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఎంత తక్కువైందో అంకె రాయడం, రెండో దారిగా వాయిదాలు అడగడం, జవాబు రాతలో కోరడం గమనించండి. రెండు నకళ్లు తీసుకువెళ్లి ఒకదానిమీద తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయమంటే ఈమెయిల్‌లో పంపండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో.

ఏ భాషలో రాయాలని అడుగుతారు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ప్రభుత్వ అధికారికి అర్జీ ఇచ్చుకునే హక్కు ఉంది. అంటే హోసూరు తాలూకా ఆఫీసులో తెలుగులో ఇచ్చిన అర్జీని భాష పేరు చెప్పి తిప్పి పంపకూడదు. ఈ హక్కు వదులుకోవద్దు. కానీ గడువు నాలుగు రోజుల్లో ఉంటే తెలుగు ప్రతితోపాటు తమిళంలోనో ఇంగ్లీషులోనో ఒక ప్రతి జతచేయడమే తెలివి. ప్రైవేటు కాలేజీకి ఈ అధికరణం వర్తించదు, అక్కడ ఇంగ్లీషులోనే ఇవ్వండి.

జవాబు రాకపోతే? కాలేజీ ఇస్తానన్న సహాయం ఇవ్వకపోయినా, స్కాలర్‌షిప్ ఆలస్యం చేసినా, ఫీజు పేరుతో సర్టిఫికెట్లు పట్టుకున్నా అవి యూజీసీ 2023 నిబంధనల ప్రకారం విద్యార్థి ఫిర్యాదులే. కాలేజీలో విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. ఒప్పుకోకపోతే 15 రోజుల్లో యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్ దగ్గరకు వెళ్లవచ్చు. ప్రభుత్వ స్కాలర్‌షిప్ అయితే ముందు కాలేజీ నోడల్ ఆఫీసరు, తర్వాత జిల్లా సంక్షేమ అధికారి, ఆ పైన కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల రోజు. కేంద్ర పథకాలకు సీపీగ్రామ్స్ అనే ఆన్‌లైన్ ఫిర్యాదు వ్యవస్థ ఉంది, అక్కడ జవాబు నచ్చకపోతే అప్పీలు కూడా పెట్టుకోవచ్చు.

వీటన్నిటికీ పక్కన సమాచార హక్కు దరఖాస్తు ఒకటి వేసి ఉంచండి. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "నా స్కాలర్‌షిప్ ఎందుకు రాలేదు" అని అడిగితే దాటవేస్తారు. "ఫలానా నంబరు దరఖాస్తు మీ ఆఫీసుకు ఏ తేదీన వచ్చింది, ఎవరు పరిశీలించారు, తిరస్కరిస్తే కారణం రాసిన నోటు నకలు ఇవ్వండి" అని అడగాలి. జవాబు రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి 30 రోజుల్లో మొదటి అప్పీలు. చాలా ఫైళ్లు ఈ కాగితం వెళ్లాకే కదులుతాయి.

లోను సంగతి క్లుప్తంగా. ఆదాయం నాలుగున్నర లక్షల లోపుంటే, అర్హత ఉన్న వృత్తి, సాంకేతిక కోర్సులకు చదువుకునే కాలంలోనూ, ఆపైన ఒక ఏడాదీ వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. లోను తీసుకునేటప్పుడే బ్యాంకులో ఆదాయ పత్రం ఇచ్చి అడగాలి. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన కాలేజీల్లో హామీ లేకుండా లోను ఇస్తారు, మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. బ్యాంకు కాదంటే కారణం రాతలో అడగండి. బ్యాంకుకే ఫిర్యాదు ఇచ్చి 30 రోజులు చూసి, అప్పటికీ తేలకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికి ఖర్చేమీ లేదు.

టీసీ నకలు, చదివిన తరగతుల పత్రం, మాధ్యమ పత్రం, పేరు తేడా ఉంటే హెడ్మాస్టరుగారి ఉత్తరం బడి ఆఫీసులో పనిదినాల్లో తీసుకోవచ్చు. వచ్చేటప్పుడు ఆధార్, మార్కుల మెమో, కాలేజీ ఇచ్చిన ఉత్తరం మూడూ తీసుకురండి. చేరిపోయిన తర్వాత కాదు, చేరకముందే వస్తే ఆ ఉత్తరం కలిసి చదవడానికి వీలవుతుంది.